కొత్త రోలర్ కోస్టర్‌లో ఎన్ని సీట్లుంటాయి, గంటకు ఎంతమంది ఎక్కగలుగుతారు?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. వచ్చే సీజన్‌లో తెరుస్తామని ఒక పార్కు ప్రకటించిన లాంచ్ కోస్టర్ (మోటార్లతో రైలును ఒక్కసారిగా ముందుకు తోసే కోస్టర్) ప్రచార బొమ్మలో రైలుకు ఐదు పెట్టెలు కనిపిస్తున్నాయి కనుక 20 సీట్లేనని కొందరు అభిమానులు, ఆరో పెట్టె మలుపు చాటున ఉండిపోయింది కనుక 24 అని మరికొందరు వాదించుకుంటున్నారు. గంటకు 1,800 మంది ఎక్కుతారన్న మాట దగ్గర మాత్రం ఇద్దరూ ఏకమవుతున్నారు. వీటిలో ఏది నమ్మదగినదని మీరు అడిగారు. సీట్లు 20 అనే నేను అనుకుంటున్నాను, కారణం తరువాత చెబుతాను. 1,800 అన్న అంకెను మాత్రం ఏ పక్షం చెప్పినా నమ్మవలసిన పని లేదు. వాదన అంతా రైలు చుట్టూ తిరుగుతోంది గానీ, గంటకు ఎంతమంది ఎక్కుతారన్నది తేలేది స్టేషన్‌లో.

లెక్క చాలా చిన్నది. ఒక రైలు బయలుదేరిన తరువాత మరో రైలు బయలుదేరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి, దానితో గంటలోని 3,600 సెకన్లను భాగించి, వచ్చినదాన్ని సీట్లతో గుణించాలి. నిమిషానికొక రైలు వదిలితే 24 సీట్లతో గంటకు 1,440 మంది వెళతారు. 20 సీట్ల రైలును 50 సెకన్లకొకటి చొప్పున వదిలినా సరిగ్గా అదే 1,440 వస్తుంది. అంటే ఇంతమంది ఇన్నాళ్లుగా కొట్టుకుంటున్న ఆ నాలుగు సీట్ల విలువ స్టేషన్‌లో పది సెకన్లు. ఇక 1,800 రావాలంటే 24 సీట్లతో 48 సెకన్లకొక రైలు, 20 సీట్లతోనైతే 40 సెకన్లకొక రైలు కదలాలి. ఆ 40 సెకన్లలో రైలు స్టేషన్‌లోకి వచ్చి ఆగాలి, లాకులు తెరుచుకోవాలి, వెళ్లినవాళ్లు దిగి తమ సంచులు తీసుకోవాలి, కొత్తవాళ్లు ఎక్కి కూర్చోవాలి, ప్రతి ల్యాప్ బార్‌నూ, అంటే మనిషిని తొడల మీద పట్టి ఉంచే కడ్డీని, సిబ్బంది చేత్తో నొక్కి చూడాలి, గేట్లు మూసుకోవాలి, ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు అంతా సరిగ్గా ఉందని సైగ చేయాలి. ఇదంతా ఉదయం నుంచి రాత్రి దాకా ఒక్క సీటు కూడా ఖాళీగా పోకుండా, ఒక్కరు కూడా తడబడకుండా జరగాలి. పార్కులు ప్రకటించే సామర్థ్యం ఈ ఆదర్శ పరిస్థితికి కట్టిన లెక్క. అది అబద్ధమని నేను అనను, యంత్రం చేయగలిగిన గరిష్ఠ పనికి అది సరైన కొలతే. క్యూలో నిలబడబోయే మనిషి దాన్ని తనకిచ్చిన హామీగా తీసుకోకూడదు, అంతే.

రైళ్ల సంఖ్య గురించి అభిమానులు ఇంకా తేలికగా మాట్లాడుతుంటారు. ఇంకో రైలు కొంటే క్యూ సగమైపోతుందన్నట్టు రాస్తారు. కోస్టర్ పట్టాలను బ్లాకులుగా విభజిస్తారు. ఒక బ్లాకులో ఒక సమయంలో ఒకే రైలు ఉండాలి, ముందున్న బ్లాకు ఖాళీ అయితే తప్ప వెనుక రైలు అందులోకి అడుగు పెట్టకుండా నియంత్రణ వ్యవస్థ ఆపేస్తుంది. రైళ్లు కదులుతూ ఉండాలంటే బ్లాకుల కంటే కనీసం ఒక రైలు తక్కువ ఉండాలి. అందుచేత మూడు రైళ్లు నడపాలనుకుంటే చాలా కోస్టర్లలో పట్టాల మధ్యలో రైలును పూర్తిగా ఆపగలిగే బ్రేకులో, ఆగిన చోటి నుంచి మళ్లీ ముందుకు తోయగలిగే రెండో లాంచో ముందే కట్టుకోవాలి, అది తరువాత చేర్చుకునే అలంకారం కాదు. అన్నీ ఉన్నా కూడా, స్టేషన్‌లో ఆలస్యమైతే మూడో రైలు చేసే పని ఒక్కటే: ప్రయాణం ముగించుకుని వచ్చి స్టేషన్ ముందు బ్రేకుల మీద, మనుషులతో సహా, తన వంతు కోసం కాచుకోవడం. అలా రైళ్లు పేరుకుపోయిన దృశ్యం మీరు ఏ పెద్ద పార్కులోనైనా చూడవచ్చు. అక్కడ నాలుగో రైలు ఉన్నా ఒక్క మనిషి కూడా అదనంగా ఎక్కడు.

అలాంటప్పుడు ఒక్కో రైలునే పొడవు చేసి 40 మందిని కూర్చోబెట్టవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. కొన్ని చోట్ల దాదాపు అదే చేశారు. అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింట్ పార్కులో 2000లో తెరిచిన మిలీనియం ఫోర్స్ రైలులో తొమ్మిది పెట్టెలు, 36 సీట్లు ఉన్నాయి. అయితే ఆ కోస్టర్ ఎత్తు 310 అడుగులు, దాని కొండలూ మలుపులూ విశాలమైనవి, పొడవైన రైలు వాటి మీద హాయిగా పరుచుకుని పోతుంది. చిన్న చిన్న కొండల మీద ఒక్కసారిగా సీటులోంచి పైకి లేపే ఆధునిక లాంచ్ కోస్టర్‌కు అంత పొడవు పనికిరాదు. ముందు పెట్టె కొండ శిఖరం దాటేటప్పటికి రైలు బరువులో ఎక్కువ భాగం ఇంకా ఎక్కుతూనే ఉంటుంది కనుక వేగం తగ్గుతూ ఉంటుంది. చివరి పెట్టె శిఖరం చేరేటప్పటికి ముందున్నవన్నీ కిందికి లాగుతుంటాయి కనుక దాన్ని విసిరినట్టు దాటిస్తాయి. చివరి వరుసను ఇష్టపడేవాళ్లు ఇష్టపడేది ఈ విసురునే. రైలు పొడవు పెరిగేకొద్దీ, కొండ చిన్నదయ్యేకొద్దీ ఈ రెండు వరుసల అనుభవాల మధ్య తేడా పెరుగుతుంది, అన్ని వరుసలకూ సురక్షితంగా ఉండేలా పట్టాల వంపును సరిచేయడం కష్టమవుతుంది. పైగా చేర్చిన ప్రతి పెట్టె బరువునూ లాంచ్ మోటార్లు మోయాలి. న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో 2005లో తెరిచి 2024లో మూసివేసిన కింగ్డా కా ఎత్తు 456 అడుగులు, వేగం గంటకు 206 కిలోమీటర్లు. అంత ఖ్యాతి పొందిన కోస్టర్ రైలులో ఉన్నవి 18 సీట్లే. ఆ లోటును తీర్చడానికే దానికి నాలుగు రైళ్లను, రెండు పక్కలా రైళ్లు నిలిపి ఎక్కించుకునే స్టేషన్‌ను ఇచ్చారు. మీ కోస్టర్‌కు 20 సీట్లని నేను అనుకోవడానికి కారణం ఇదే. బొమ్మలో ఎన్ని పెట్టెలు కనిపించాయన్నది నాకు లెక్క కాదు. ప్రకటించిన రెండు లాంచ్‌లు, దగ్గర దగ్గరగా ఉన్న కొండలు, తలకిందులయ్యే మలుపులు చూస్తే అది పొట్టి రైలు కోసం గీసిన పట్టా అని ఎవరికైనా తెలుస్తుంది.

పొడవుకు బదులు వెడల్పును ఎంచుకున్న తయారీదారులూ ఉన్నారు. నిట్టనిలువుగా కిందికి దూకే డైవ్ కోస్టర్లలో రైలుకు రెండో మూడో వరుసలే ఉంటాయి. ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్‌లో 1998లో వచ్చిన ఆబ్లివియన్‌లో ఎనిమిదేసి మంది చొప్పున రెండు వరుసలు, 2007లో వర్జీనియాలో వచ్చిన గ్రిఫన్‌లో పదేసి మంది చొప్పున మూడు వరుసలు పెట్టారు. అంచు మీద క్షణకాలం ఆగి దూకాలి కనుక రైలు పొట్టిగా ఉండక తప్పదు, మనుషులను పక్కపక్కనే పేర్చక తప్పదు. దీనికి తగిన మూల్యం కూడా ఉంది: మధ్య సీట్లలోకి వెళ్లేవాళ్లు మిగతావాళ్ల ముందు నుంచి నడిచి పోవాలి. సీట్ల అమరిక మారితే ఎక్కే సమయమూ మారుతుంది కాబట్టి, ఒక అంకెను పెంచి రెండోది అలాగే ఉంటుందనుకోవడం కుదరదు.

ఇంతవరకూ చెప్పినదంతా ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరైనా తెలుసుకోగలిగినదే. నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నది మరో విషయం చెప్పడానికి. ఒక కొత్త కోస్టర్ మొదటి సీజన్‌లో నా మేనకోడలితో కలిసి దాని స్టేషన్‌లో, రెండో వరుస గేటు ముందు నిలబడి ఉన్నాను. పార్కు పేరు చెప్పను. ప్రకటించిన సామర్థ్యం ఘనంగా ఉంది, రైళ్లు కొత్తగా మెరుస్తున్నాయి, ఆపరేటర్లు చురుకైన యువకులు. మా ముందు రైలులో మొదటి వరుసలో ఒక పెద్దమనిషి, ఆయన పక్కన పదేళ్ల కొడుకు కూర్చున్నారు. ఆయన ఎత్తుగా, భారీగా ఉన్నారు గానీ క్యూలో నడిచి వస్తున్నప్పుడు ఎవరూ ప్రత్యేకంగా చూసే మనిషి కాదు. ల్యాప్ బార్ దిగింది. సీటు బెల్టు మాత్రం రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. ఒక అమ్మాయి వచ్చి బెల్టు లాగింది, తరువాత ఒక అబ్బాయి వచ్చి బార్ మీద బరువు వేసి నొక్కాడు, ఊపిరి బిగబట్టమని ఆయనకు చెప్పాడు. ఆయన బిగబట్టారు. బెల్టు పడలేదు. మరోసారి ప్రయత్నించారు. ఈలోగా వెనుక బ్రేకుల మీద ఆగిన రైలులోని జనం కేకలు వేయసాగారు, మా క్యూలో ఎవరో గడియారం చూసుకుని గట్టిగా నిట్టూర్చారు. చివరికి అందరి లాకులూ తెరవవలసి వచ్చింది. ఆయన లేచారు, కొడుకును ఉండమన్నారు, వాడు తనూ ఉండనని లేచాడు. ఇద్దరూ దిగి అంతమంది కళ్ల ముందు నుంచి నడిచి వెళ్లారు. తరువాత మిగిలిన అందరి బార్లనూ మళ్లీ మొదటి నుంచి నొక్కి చూశారు. రైలు రెండు సీట్లు ఖాళీగా, రెండు మూడు రైళ్లు వెళ్లిపోగల సమయం ఆలస్యంగా బయలుదేరింది.

నా మేనకోడలు నన్ను ఒకటే ప్రశ్న అడిగింది: "మామయ్యా, ఆ అంకుల్‌కు ఈ సంగతి కిందే ఎందుకు చెప్పలేదు?" ఆమె అడిగినదానికంటే మంచి ప్రశ్న కోస్టర్ల సామర్థ్యం గురించి నేను ఇంతవరకు వినలేదు. అక్కడ పరీక్ష సీటు, అంటే క్యూలో చేరకముందే కూర్చుని తమకు సరిపోతుందో లేదో చూసుకునే సీటు, ఉంది. క్యూ ప్రవేశ ద్వారానికి దూరంగా, ఒక స్తంభం వెనుక, ఏ బోర్డూ లేకుండా ఉంది; తిరిగి వెళుతున్నప్పుడు నేను వెతికి మరీ చూశాను. ఆ సీటును దారి పక్కన అందరికీ కనిపించేలా, అయితే కూర్చున్న మనిషిని నలుగురూ గుమిగూడి చూడకుండా కాస్త మరుగుగా పెట్టి ఉంటే, ఆ తండ్రి గంటల తరబడి క్యూలో నిలబడేవారు కాదు, కొడుకు ముందు ఆయనకు ఆ అవమానం జరిగేది కాదు, రైలు ఆలస్యమయ్యేది కాదు. మనిషి మర్యాదకూ యంత్రం సామర్థ్యానికీ ఒకే సీటుతో ఏకకాలంలో మేలు చేయవచ్చు. ఇంత తేలికైన ఏర్పాటును కోట్లు ఖర్చుపెట్టి కట్టే నిర్మాణంలో పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. కొత్త కోస్టర్‌లో ఎన్ని సీట్లని వేలమంది అడుగుతున్నారు, ఆ సీటు ఎటువంటి శరీరానికి సరిపోతుందని అడిగేవాళ్లు కనిపించరు.

సీటు ఆకారం, లాకు రకం అంటే ఎందుకింత పట్టుదల అని మీరు అనుకోవచ్చు. ల్యాప్ బార్ ఒక్కటే ఉన్న సీటులో మనిషి కూర్చుని బార్ లాక్కుంటే సిబ్బంది ఒకసారి నొక్కి చూసి ముందుకు పోతారు. దానికి బెల్టు తోడైతే ప్రతి మనిషి దగ్గరా రెండో తనిఖీ చేయాలి, ప్రతి బెల్టునూ ఎవరో ఒకరు వంగి చూడాలి. భుజాల మీదుగా దిగే హార్నెస్ అయితే అది పైకి లేచి దిగడానికే సమయం పడుతుంది. లోపల హైడ్రాలిక్ సిలిండర్లు రెండేసి ఉంచి, ఒకటి విఫలమైనా రెండోది పట్టుకునేలా చేసిన ల్యాప్ బార్లకు బెల్టు లేకుండానే నడిపే ఏర్పాటు ఈ రోజుల్లో ఉంది. ఫ్లోరిడాలోని ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో 2021లో తెరిచిన వెలాసికోస్టర్ 24 సీట్ల రైలు తలకిందులయ్యే మలుపులన్నిటినీ భుజాల మీద ఏ హార్నెస్ లేకుండా ల్యాప్ బార్లతోనే దాటుతుంది. అక్కడ సంచుల కోసం రెండు వైపుల నుంచీ తెరుచుకునే లాకర్లు పెట్టారు: ఎక్కేముందు ఒక పక్క నుంచి పెట్టినదాన్ని దిగిన తరువాత అవతలి పక్క నుంచి తీసుకుంటారు, స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఎవరూ సంచి కోసం వెతుక్కోరు. నా దృష్టిలో ఈ లాకర్లు రైలుకు ఇంకో పెట్టె తగిలించినదానితో సమానం. ఎక్కేవాళ్లు ప్లాట్‌ఫామ్ దాటి అవతలి అరల్లో సంచి పెట్టి, తిరిగి వచ్చి కూర్చుని, జేబులో ఫోన్ గుర్తొచ్చి మళ్లీ లేచే పద్ధతిలో ఎంత సమయం ఆవిరైపోతుందో స్టేషన్‌లో నిలబడి చూసినవాళ్లకు తెలుసు.

అదే పార్కులో 2019 జూన్‌లో తెరిచిన హాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్‌ను చూస్తే సీట్ల సంఖ్య ఎంత చిన్న విషయమో తెలుస్తుంది. దాని రైలులో మోటార్‌సైకిలూ దాని పక్క బండీ కలిపి 14 మందికే చోటుంది. కానీ పట్టాను చాలా బ్లాకులుగా, అనేక లాంచ్‌లతో కట్టి, ఒకేసారి ఎన్నో రైళ్లు తిరిగేలా చేశారు. స్టేషన్‌లో రైలు ఆగదు, కదులుతున్న రైలుతో పాటే నేల కూడా కదులుతుంటే జనం ఎక్కి దిగుతారు. అయినా తెరిచిన మొదటి రోజు క్యూ పది గంటలకు చేరిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. అద్భుతమైన స్టేషన్ ఉన్నా మొదటి రోజులు వేరుగానే ఉంటాయి. సిబ్బంది చేతులు అలవాటు పడాలి, యంత్రంలోని చిన్న చిన్న లోపాలు బయటపడాలి. సీడర్ పాయింట్‌లోనే 2018లో స్టీల్ వెంజెన్స్ తెరిచిన రోజున ఒక రైలు స్టేషన్ దగ్గర మరో రైలును స్వల్పంగా తాకడంతో కొంతకాలం ఒక్క రైలుతోనే నడిపారు. మూడు రైళ్ల కోసం కట్టిన కోస్టర్‌ను ఒకే రైలుతో నడిపితే ప్రకటించిన సామర్థ్యం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అదే పార్కులో 2024 మేలో మొదలైన టాప్ థ్రిల్ 2ను కొద్ది రోజులకే రైళ్లలో మార్పుల కోసం ఆపి, ఆ సీజన్ అంతా తెరవలేదు. భద్రత కోసం ఆపడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. నా అభ్యంతరం మొదటి సీజన్‌కు కూడా పూర్తి సామర్థ్యాన్నే చేతిలో పెట్టుకుని ప్రయాణాలు నిర్ణయించుకోమని జనానికి సలహా ఇచ్చే అభిమానుల వీడియోల మీద. వాటిని నమ్మి పిల్లలను తీసుకుని దూరం నుంచి వచ్చేవాళ్లు ఉంటారు.

కనుక మీ కోస్టర్ గురించి నా అంచనా ఇది: రైలుకు 20 సీట్లు, రెండు లాంచ్‌లున్నాయి కనుక మూడు రైళ్లు, కాగితం మీద గంటకు 1,200 నుంచి 1,400 వరకు, మొదటి సీజన్‌లో వాస్తవంగా 900 దాటితే గొప్ప. 80 సెకన్లకొక రైలు వదిలితే 20 సీట్లతో సరిగ్గా 900 వస్తుంది, కొత్త సిబ్బందికి 80 సెకన్లు మంచి పనితనం కిందే లెక్క.

దీన్ని సరిచూసుకోవాలంటే ప్రచార బొమ్మలు వదిలిపెట్టి నిర్మాణ ఫోటోలు చూడండి. బొమ్మ గీసేవాళ్లు తమ దగ్గరున్న నమూనా రైలును అతికించేసి ఊరుకుంటారు, స్టేషన్‌లో గేట్లు బిగించేవాళ్లకు ఆ సౌలభ్యం లేదు. గేట్లు పది ఉంటే ఇద్దరేసి చొప్పున 20 సీట్లు, పన్నెండు ఉంటే 24. రైళ్లను పక్కకు తీసి దాచే షెడ్డులో ఎన్ని పట్టాలున్నాయో చూస్తే మొత్తం రైళ్ల సంఖ్య చాలావరకు తేలిపోతుంది. స్టేషన్ ముందున్న బ్రేకుల దగ్గర ఒక రైలు పట్టే చోటుందా, రెండు పట్టే చోటుందా అన్నది తరువాత చూడండి. దిగే వైపు ప్లాట్‌ఫామ్ మీద సంచుల అరలు కనిపిస్తే నా అంచనాలోంచి ఇంకో వంద తగ్గించుకోండి. రైలు మొదటి పెట్టె పార్కుకు చేరిన రోజున బెల్టు ఉందో లేదో దగ్గరగా తీసిన ఫోటోలో వెతకండి. పార్కు వాళ్లు ప్రశ్నలు అడగమన్నప్పుడు ఎత్తూ వేగమూ సీట్ల గురించి అడగడానికి చాలామంది ఉంటారు కనుక, పరీక్ష సీటు ఎక్కడ పెడుతున్నారో, క్యూలోకి అడుగు పెట్టకముందే అది కనిపిస్తుందో లేదో మీరు అడగండి.